‘కాదు’ అనే బటన్

పన్నెండు దాటేదాకా స్విచ్ మీద చెయ్యి వెయ్యకూడదట. వళ్ళియమ్మాళ్ గారు ఈ మాట కోపంగా అనలేదు. కొబ్బరి బన్ను ముక్కలున్న పళ్ళెం మా ముందుకు జరిపి, గోడకున్న రోజువారీ కేలండర్ని గడ్డంతో చూపించి, శుక్రవారం కదా, పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తుంది, మీ ఫోన్లలో అది ఉండదేమో, కాఫీ తాగి కూర్చోండి అని తన మిల్లులోకి వెళ్ళిపోయింది. పదిన్నరకి డెమో అని వారం రోజులుగా ఊదరగొట్టిన వత్సన్ నా వైపు చూశాడు. నేను బన్ను వైపు చూశాను. మేం కూర్చున్నది అద్దాల గది, అవతల పన్నెండు అల్లిక యంత్రాలు, ఒకటి తప్ప అన్నీ గుండ్రంగా తిరుగుతున్నాయి, ఒక్కోదాని నడుములోంచి బనియన్ గుడ్డ గొట్టంలా కిందికి దిగుతోంది, గాలిలో దూది నలకలు, నూనె వాసన, అద్దం బిగించినా ఆగని హోరు. ఈ హోరులోనే నాకు ఆలోచన సాగుతుంది, సూది పడినా వినిపించే బెంగళూరు ఆఫీసులో సాగదు. మూలన వత్సన్ తెచ్చిన స్టాండు మీద, పల్చటి ప్లాస్టిక్ ముసుగులో మా కెమెరా ఉంది. మా కెమెరా అనడం మర్యాద కోసం, అది నేను చేసిన వస్తువు. గుడ్డ అల్లుతూ ఉండగానే చూసి, బొక్క పడినా, సూది విరిగి గీత పడినా, నూనె మరక అంటినా అక్కడికక్కడే యంత్రాన్ని ఆపేస్తుంది. ఆపాలి. ఆపుతుంది. చాలావరకు సరిగ్గానే ఆపుతుంది. ఆ ‘చాలావరకు’ దగ్గరే నాకూ వత్సన్‌కీ పేచీ.

వత్సన్ అంటే శ్రీవత్సన్, మా చిన్న కంపెనీలో మాట వాడిది, చేత నాది, కాలేజీ వదిలిన రోజు నుంచీ ఒప్పందం అదే. మద్రాసు వాడు. వాళ్ళ అమ్మమ్మ రాహుకాలం చూసుకోనిదే పాలు కూడా తోడు పెట్టదని వాడే చెప్పి నవ్వుతుంటాడు, అలాంటి ఇంట్లో పెరిగినవాడు తిరుప్పూర్ మిల్లు యజమానురాలికి శుక్రవారం పదిన్నరకి డెమో అని ఫోన్లోంచి పిలుపు పంపాడు, ఎందుకంటే ఫోన్ కేలండర్లో ఆ చదరం ఖాళీగా కనిపించింది, చదరం ఖాళీగా ఉంటే కాలం ఖాళీగా ఉన్నట్టే వాడి లెక్క. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, మా కంపెనీలో డబ్బు పెట్టిన సింగపూర్ ఆయన ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు, ఆయనకి రాహువు గురించి ఏం చెప్పను అని గొణుగుతున్నాడు. ఏం చెప్తాడో చెప్పనీ. కానీ అది రాహుకాలమని నేను చూశాను. పిలుపు వెళ్ళిన రోజే చూశాను. చెప్పలేదు, మరిచిపోయి కాదు, కావాలనే. నాకీ గంటన్నర కావాలి. స్విచ్ వెయ్యకుండా, నోరు తెరవకుండా, ఒక చోట కూర్చుని కళ్ళప్పగించి చూసే గంటన్నర ఏ డెమోలోనూ ఎవరూ ఇవ్వరు. అది ఇచ్చే శక్తి రాహువుకొక్కడికే ఉంది, ఈ సంగతి నాకు నాన్న నేర్పాడు.

నాన్న పేరు రాక్కియప్పన్, కోయంబత్తూరులో పిండి రుబ్బే గ్రైండర్లు చేసే కంపెనీలో డెమో ఇచ్చే మనిషి, అప్పట్లో డెమో అనే మాట లేదు, ఆడించి చూపించేవాడు అనేవాళ్ళు. మోపెడ్ వెనక గ్రైండర్ని సైకిల్ ట్యూబుతో కట్టుకుని వీధి వీధీ తిరిగేవాడు. మిగతా కంపెనీల వాళ్ళు మంచి గడియలు చూసుకుని గడపలు తొక్కితే నాన్న సరిగ్గా రాహుకాలంలో వెళ్ళి తలుపు కొట్టేవాడు. ఇంటావిడ ఇప్పుడు వద్దయ్యా అనేది. మొదలుపెట్టనమ్మా, ఎండగా ఉంది, కాసేపు అరుగు మీద కూర్చుంటా అనేవాడు. కూర్చుంటే ఎవరు కాదంటారు. కూర్చుని చూసేవాడు. ఆ ఇంట్లో ఎంతమంది తింటారు, రోలు ఎక్కడుంది, అత్తగారి నడుము ఎలా ఉంది, కరెంటు దీపం మినుకుమినుకుమంటోందా, బియ్యం డబ్బాలో ఏ బియ్యం ఉన్నాయి. వేరే కంపెనీ వాళ్ళు తమ బియ్యం తామే నానబెట్టి స్టీలు డబ్బాలో తెచ్చుకునేవాళ్ళు, పిండి మల్లెపూవులా వచ్చేది, వీధంతా మెచ్చుకునేది. నాన్న మాత్రం అమ్మా, మీ ఇంటి బియ్యం ఒక సోలెడు నానబెట్టండి, రాహుకాలం పోయేలోపల నానతాయి అనేవాడు. రేషను బియ్యం, నూకలు, ఒక్కోసారి పురుగు పట్టినవి. రాహుకాలం మొదలుపెట్టడానికి మంచిది కాదు నిజమే, చూడ్డానికి ఎవరడ్డు అని మోపెడ్ మీద వెనక్కి తిరిగి నాతో అనేవాడు, సగం మాటలు గాలికి పోయేవి, ఈ మాట మాత్రం నా చెవిలో మిగిలిపోయింది.

కాబట్టి చూస్తున్నాను. నాలుగో యంత్రం ఆగి ఉంది, మురుగవేల్ అనే ఫిట్టరు దాని చుట్టూ వంగి సూదులు మారుస్తున్నాడు. దాని నెత్తిన ఎక్కించి ఉన్నది తెల్ల నూలు కాదు, బూడిద రంగుది, తెల్ల దూదిలో నల్ల దూది కలిపి వడికిన నూలు, ఈ ఏడు ఎగుమతి వాళ్ళంతా అదే అడుగుతున్నారని మొన్న ఎవరో అన్నారు. మూడోది బూడిద. ఆరోది బూడిద. పన్నెండింటిలో తొమ్మిది బూడిదే. మా కెమెరాకి తెలుపు మీద గద్ద చూపు, బూడిద మీద చత్వారం. ఆ కలగలుపు నూలులో ప్రతి నల్ల పోగూ దానికి గీతలాగే కనిపిస్తుంది, ఏమీ లేకపోయినా యంత్రాన్ని ఆపేస్తుంది. ఊరికే ఆగిన యంత్రం అంటే మిల్లు వాళ్ళకి ఒళ్ళుమంట, బొక్కనైనా క్షమిస్తారు గానీ దాన్ని క్షమించరు. వత్సన్ కూడా చూశాడు. చూసి, స్టాండు కింద చుట్టి పెట్టుకొచ్చిన మా తెల్ల గుడ్డ రోల్ని కాలితో తడిమాడు, జేబుదొంగ ఎదురొస్తే జేబు తడుముకున్నట్టు.

ఆ రోల్. ఆ రోల్ని తలచుకుంటే నాకు నరాలు లాగుతాయి. అది మా డెమో గుడ్డ. బెంగళూరులో వత్సన్ స్వయంగా కూర్చుని, కొలబద్ద పెట్టి మరీ, మూరకొక బొక్క చొప్పున కత్తెరతో కత్తిరించి తయారుచేశాడు. దాన్ని స్టాండు మీద లాగితే కెమెరా ప్రతి బొక్క దగ్గరా ఠక్కున ఆగుతుంది, ఒక్కటీ తప్పదు, సింగపూర్ ఆయన చప్పట్లు కొట్టాడు. పోయిన నెల అవినాశి రోడ్డులో ఒక మిల్లులో ఇదే చూపించాం. వత్సన్ లాప్‌టాప్ తెరిచి ముప్ఫై బొమ్మల ఉపన్యాసం ఇచ్చాడు, మా కథ, మా కల, రేపు మా కెమెరా రంగు తేడాలు కూడా పట్టేస్తుంది, ఎల్లుండి కుట్టు కూడా చూసేస్తుంది, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. ఆ తర్వాత రోల్ లాగాడు. అల్లే మనిషి ఒకడు వంగి మొదటి బొక్కలో వేలు పెట్టి, మా దగ్గర సూది విరిగితే బొక్క పడుతుందండీ, మీ దగ్గర కత్తెర విరిగిందా అన్నాడు. షెడ్డు షెడ్డంతా నవ్వింది. నిజం బొక్కకి అంచు పోగులు నిచ్చెనలా పైకి జారుతూ పోతాయి, కత్తెర బొక్క గుండ్రంగా నోరు తెరుచుకుని ఉంటుంది, ఈ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుస్తుంది, పుట్టగానే చుట్టేది ఆ గుడ్డలోనే కదా. ఆ నవ్వు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. వత్సన్‌కి లేదు. వాడు ఆ రాత్రి కారులో కూర్చుని నెమ్మదిగా వివరించాడు, డెమో అంటే పెళ్ళిచూపులు పూంగొడీ, ఆ రోజు పిల్లకి జలుబు చేసిందనుకో, చీదుతుంటే తీసుకొచ్చి చూపిస్తామా? నేనన్నాను, పెళ్ళయ్యాక ముక్కు తుడవాల్సింది వాళ్ళే కదా, అప్పుడేమంటారు? వాడు కారు అద్దం దించి బయటికి చూశాడు.

వాడి భయం నాకు తెలియక కాదు. రెండు మిల్లులు వద్దన్నాయి, మూడోది ఇది. ఇది కూడా వద్దంటే సింగపూర్ ఆయన తన సలహా అమలు చేయిస్తాడు, చేయించడమేమిటి, వత్సన్ ఒప్పుకున్నాడు కూడా, నాకు నిన్న పొద్దున్న ఇడ్లీ తింటుంటే చెప్పాడు. బెంగళూరులో డెమోలు ఇవ్వడమే వృత్తిగా ఉన్న ఒకాయన ఉన్నాడట, గొప్ప కంఠమట, ఇకమీదట మిల్లులకి ఆయన వెళ్తాడట, నేను వెనక ఉండి కెమెరా చూసుకుంటే చాలట, నీకే హాయి కదా అన్నాడు. హాయి. నాలుగేళ్ళు ఈ నూనె వాసనలో, ఎవరి మిల్లు అరుగు మీద కూర్చోనిస్తే అక్కడ కూర్చుని, చెవుల్లో దూది పెట్టుకుని, కెమెరాకి ఒక్కొక్క గీతా చూపించి నేర్పించినదాన్ని నేను. బొక్క అంటే ఏమిటో ఎరగని మనిషి ఎవరో వచ్చి కంఠంతో దాన్ని అమ్ముతాడు, నేను వెనక గదిలో. నాకు మండుతోంది. ఇక్కడ ఎవరూ వినట్లేదు కాబట్టి దాచుకోను, ఒళ్ళంతా మండుతోంది. నేను చేసినదాన్ని నా ఎదుట నేను చూపించాలి, అది తడబడితే నా ఎదుటే తడబడాలి, ఆ తడబాటుకి తల వంచాల్సింది కూడా నేనే, ఇంకెవడికీ ఆ హక్కు లేదు. సరే, అన్నాను నిన్న. సరే అనడం ఇడ్లీకి. మిగతాది వాడు తనంతట తాను అనుకున్నాడు.

తలుపు తెరుచుకుని హోరు లోపలికి వచ్చింది, దాంతో పాటు వళ్ళియమ్మాళ్ గారు, కళ్ళజోడు మెడలో తాడుకి వేలాడుతోంది, నూలు చీర కుచ్చిళ్ళకి దూది అంటుకుని ఉంది. వత్సన్ లేచి నిలబడి లాప్‌టాప్ తెరవబోయాడు, ఆవిడ చేత్తో ఆగమంది, ఆ బొమ్మలు కూడా పన్నెండు తర్వాతే అంది. వాడు ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళాడు. ఆవిడ నా ఎదుట కూర్చుని, మా వైపు వాళ్ళంతా అడిగే ప్రశ్నే అడిగింది, నువ్వు ఎవరమ్మాయివి అమ్మిణీ? రాక్కియప్పన్ గారి అమ్మాయినండీ, గ్రైండర్లు ఆడించి చూపించేవాడు, కోయంబత్తూరు అన్నాను. ఆవిడకి తెలియదు. తెలియాల్సిన పనేముంది, నాన్న అమ్మినవాటికన్నా అమ్మలేకపోయిన ఇళ్ళే ఎక్కువ, స్టీలు డబ్బా వాళ్ళు స్కూటర్లు కొనుక్కున్నారు, నాన్న మోపెడ్ మీదే ముసలివాడయ్యాడు. మా ఇంట్లో గ్రైండర్ పెట్టినా నేను రోట్లోనే రుబ్బుతానంది వళ్ళియమ్మాళ్ గారు, అమ్మడానికొచ్చినవాడు ఎంతసేపూ మోటారు గురించే మాట్లాడాడు, పిండి గురించి మాట్లాడలేదు, ఎవడికి కావాలి మోటారు? నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు, అద్దంలోంచి తన యంత్రాల వైపే చూస్తోంది, చూస్తూనే అడిగింది.

“మీ కెమెరాని ఆ స్టాండు మీదే చూపిస్తారా, నా యంత్రం మీద చూపిస్తారా?”

ఈ ప్రశ్న కోసమే కదా నేను పదిన్నర నుంచీ కూర్చున్నది. మీ యంత్రం మీద అన్నాను. నాలుగోది ఎలాగూ ఆగి ఉంది కదండీ, దానికి ఇప్పుడు బిగించుకోవచ్చా, రాహుకాలం అడ్డమా అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించింది, జడ్జిగారిలా పెదాలు బిగించి మరీ. బిగించుకోవడం మొదలుపెట్టడం కాదు, కరెంటు ఇస్తేనే మొదలుపెట్టినట్టు, బిగించుకో అంది. ఆవిడ లేచి వెళ్ళాక కెమెరాని స్టాండు మీంచి విప్పి నాలుగో యంత్రం దగ్గరికి తీసుకెళ్ళాను.

మురుగవేల్ యంత్రం మీంచి తల ఎత్తకుండానే, తుడుచుకోవడానికి గుడ్డ ఏమైనా ఉందా అక్కా అని అడిగాడు. వేస్టు గుడ్డ మొత్తం పొద్దున్నే తూకానికి కొనే కాటా వాడు పట్టుకుపోయాడట, మోచేతుల దాకా నూనె, సూదుల పళ్ళెం జారిపోతోందట. బనియన్ గుడ్డల ఊళ్ళో తుడుచుకోవడానికి గుడ్డ లేదు. నేను వెనక్కి తిరిగి అద్దాల గదిలోకి వెళ్ళాను, వత్సన్ గేటు దగ్గర సింగపూర్‌తో మాట్లాడుతూ గాలిలో చేతులు ఆడిస్తున్నాడు, స్టాండు కింద రోల్ ఉంది. రాహుకాలంలో మొదలుపెట్టకూడదు, సరే, వదిలించుకోకూడదని ఏ పంచాంగంలోనూ లేదు. ఎత్తుకుని తెచ్చాను. మొదటి బొక్క దగ్గర వేళ్ళు పెట్టి లాగితే అడ్డంగా సాఫీగా చిరిగింది, ఇంకో బొక్క, ఇంకో బొక్క, కొలబద్ద పెట్టి కోసినందుకు ముక్కలన్నీ సమానంగా వచ్చాయి, వత్సన్ పనితనానికి మెచ్చుకోవాల్సిందే. మురుగవేల్ ఒక ముక్క తీసుకుని, బొక్కలో వేలు దూర్చి చూసి, నా మొహం చూసి, చేతులు తుడుచుకున్నాడు. మంచి గుడ్డ అక్కా, బాగా పీలుస్తోంది అన్నాడు. వెనక్కి వెళ్ళే దారి ఇప్పుడు లేదు, నూనె పట్టి నల్లబడిపోయింది. ఇంత తేలిగ్గా ఊపిరాడి ఎన్నాళ్ళయిందో.

యంత్రం నడుముకి, గుడ్డ దిగే చోట, కెమెరా బిగించాను. ఆపే వైరుని మురుగవేల్ కలిపాడు. ఇక మిగిలింది బటన్ల డబ్బీ. దానికి రెండు బటన్లు, కెమెరా యంత్రాన్ని ఆపినప్పుడల్లా మనిషి వచ్చి గుడ్డ చూసి, తప్పు ఉంటే ‘నిజమే’ నొక్కాలి, లేకపోతే ‘కాదు’ నొక్కాలి. ‘కాదు’ నొక్కినప్పుడల్లా అది ఒక ముక్క నేర్చుకుంటుంది, అలా నేర్పితే వారం పది రోజుల్లో బూడిద గుడ్డ మీద కూడా చూపు కుదురుతుంది, దాని ప్రాణమంతా ఆ బటన్లోనే ఉంది. వత్సన్ దాని మీద నల్ల టేపు అంటించాడు. ‘కాదు’ అని ఒక బటన్ ఉందంటేనే తప్పు చేస్తుందని మనమే ఒప్పుకున్నట్టు అంటాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఇదే. గోటితో టేపు అంచు లేపుతుంటే నాన్న గుర్తొచ్చాడు, ఉక్కడం చెరువు వైపు ఒక ఇంట్లో వోల్టేజీ పడిపోయి, ఆ ఇంటి నూకలతో సహా రాయి ఆగిపోయిన రోజు. నేనైతే సిగ్గుతో మోపెడ్ వెనక దాక్కున్నాను. నాన్న మాత్రం, అమ్మా, బెల్టు జారింది, రండి చూపిస్తా అని గ్రైండర్ మూత విప్పి, ఆవిడ చేతే బెల్టు ఎక్కించాడు. ఒకసారి కాదు, జారినప్పుడల్లా. ముంజేతి కంకణానికి అద్దమెందుకు, పిండిలో చెయ్యి పెట్టి చూడండి అన్నాడు చివర్లో, అని ఊరుకున్నాడు. రాయి ఆగాక నోరు మూసుకోవాలి, అది నాన్న శాస్త్రం. ఆవిడ పిండిలో చెయ్యి పెట్టింది, వేళ్ళ మధ్య నలిపింది, చెయ్యి కడుక్కోవడానికి లేచింది, కడుక్కుని వచ్చేలోపల కొనేసింది. దాని కడుపులో చెయ్యి పెట్టిన మనిషి దాన్ని వదలదు అనుకున్నాను ఆ రోజు, చిన్నదాన్నైనా అనుకున్నాను. టేపు ఊడింది, జిగురు మరక మాత్రం పోలేదు.

వత్సన్ లోపలికి వచ్చి ఖాళీ స్టాండు చూశాడు, స్టాండు కింద చూశాడు, తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

“రోల్ ఏది?”

“తుడుచుకుంటున్నారు.”

మురుగవేల్ చేతుల్లో నల్లబడిన ముక్కని, బుట్టలో మిగతా ముక్కల్ని, యంత్రానికి బిగించిన కెమెరాని, నెత్తిన ఉన్న బూడిద నూలుని, టేపు ఊడిన బటన్ని వరసగా చూశాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు, గొంతు తగ్గించి, అయిపోయాం పూంగొడీ, నిముషానికోసారి ఆగుతుంది, సింగపూర్ ఆయన ఫోన్లో చూస్తుంటాడు అన్నాడు. చూడనీ అన్నాను. ఆయనకీ తెలియాలి తను డబ్బు పెట్టింది దేని మీదో. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు, నాకు వాడి మీద మొదటిసారి జాలి వేసింది, అయినా జాలి వేసిందని బటన్ మీద టేపు తిరిగి అంటించను కదా.

పన్నెండు దాటింది. వళ్ళియమ్మాళ్ గారు గోడ మీద మురుగన్ పటానికి కర్పూరం వెలిగించి, ఆ చేతులు కళ్ళకద్దుకుని నాలుగో యంత్రం దగ్గరికి వచ్చింది. వత్సన్ అలవాటుగా స్విచ్ వైపు అడుగేశాడు. నేను వాడికన్నా ముందు నిలబడి, మీరు వెయ్యండమ్మా అన్నాను ఆవిడతో. ప్రతి డెమో అయ్యాక నాన్న ఫోన్ చేసి ఒకే మాట అడుగుతాడు, స్విచ్ ఎవరు వేశారు అని. ఇన్నాళ్ళూ వత్సన్ అని చెప్తూ వచ్చాను, అటు నుంచి ఊఁ అని మాత్రం వినిపించేది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, నా మిల్లులో నాకే చెప్తున్నావా అన్నట్టు చూసి, స్విచ్ వేసింది. యంత్రం తిరిగింది, బూడిద గుడ్డ దిగడం మొదలైంది. నేను ఒక్కటే చెప్పాను, అమ్మా, తెల్ల గుడ్డ మీద దీని మాట నమ్మొచ్చు, దీని మీద ఇంకా సగం అబద్ధాలే చెప్తుంది, చెప్పినప్పుడు ఈ బటన్ నొక్కి కాదని చెప్పండి, తిడితే వింటుంది. ఆ మాట అయిందో లేదో ఆగింది. వత్సన్ నోరు తెరిచాడు, నేను వాడి వైపు చూశాను, మూశాడు. రాయి ఆగాక నోరు మూసుకోవాలి. ఏదైనా చెప్పెయ్, సర్దిచెప్పెయ్ అని నాలుక దురద పెడుతోంది, పళ్ళతో పట్టుకున్నాను.

ఆవిడ వంగి, గుడ్డ గొట్టంలోకి చెయ్యి పోనిచ్చి, టార్చి వేసి చూసింది. ఏమీ లేదే అంది. లేదండీ అన్నాను. ఆవిడ ‘కాదు’ మీద బొటనవేలు పెట్టి, గట్టిగా, అవసరానికన్నా గట్టిగా నొక్కింది. యంత్రం తిరిగింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ చెయ్యి, టార్చి, ఏమీ లేదు. ఏం, కళ్ళు నెత్తికెక్కాయా అంది కెమెరాతో, మళ్ళీ నొక్కింది. మూడోసారి, పొద్దున్న ఏం తిని వచ్చావు, నల్ల పోగుకీ గీతకీ తేడా తెలీదా అంది, కొత్తగా చేరిన పిల్లని తిట్టినట్టే. మురుగవేల్ నవ్వాడు, నన్నూ మొదటి నెలంతా ఇలాగే తిట్టారక్కా అన్నాడు. వత్సన్ ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి వాలిపోయింది, సింగపూర్ ఆయనకిప్పుడు మా చెప్పులు కనిపిస్తుంటాయి. అది ఆగుతూనే ఉంది, ఆవిడ తిడుతూనే ఉంది, డబ్బీ ఎప్పుడో తన చేతిలోకి తీసేసుకుంది, నేను అడిగినా ఇచ్చేలా లేదు. తర్వాత ఒకసారి ఆగినప్పుడు, ఆవిడ చూడకుండానే ‘కాదు’ మీద వేలు పెట్టింది, పెట్టి, ఎందుకో నొక్కలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. టార్చి గుడ్డకి ఆనించి పక్కకి వంచింది. వెంట్రుకంత గీత, పైనుంచి కిందికి. ఆవిడ నన్ను చూడలేదు, కెమెరాని మెచ్చుకోలేదు. ‘నిజమే’ నొక్కి, మురుగవేల్ వైపు తిరిగి, ఇప్పుడే కదరా సూదులు మార్చావు, ఏ సూది వంకరగా పెట్టావో వెతుకు అని మొదలుపెట్టింది. మురుగవేల్ నవ్వు ఆపేశాడు. నేను ఎవరికీ కనబడకుండా అరచేతులు చున్నీకి తుడుచుకున్నాను.

కాసేపటికి ఆవిడ, ఇది ఇక్కడే ఉండనీ, దీనికింకా చాలా చివాట్లు బాకీ ఉన్నాయి అంది. ఆ స్టాండు మాత్రం పట్టుకుపొండి, దారికడ్డం. తప్పుల్లేని యంత్రాలు తెచ్చామని ఇక్కడికి బోలెడుమంది వచ్చారు, వెళ్ళాక అవన్నీ నా నెత్తిన పడ్డాయి, దీని తప్పులు ఏమిటో నాకు ముందే తెలిశాయి కాబట్టి దీనితో నేను పడగలను అంది. అదంతా యంత్రం వైపు చూస్తూనే. వత్సన్‌కి ప్రాణం లేచొచ్చింది, గొంతు సర్దుకున్నాడు, ఫోన్ పైకెత్తాడు, పాపం అలవాటు ఎక్కడికి పోతుంది.

“చాలా సంతోషమండీ. రేపటి నుంచి మా బెంగళూరు నిపుణుడు ఒకాయన వచ్చి మీకు దగ్గరుండి అన్నీ...”

వళ్ళియమ్మాళ్ గారు తల తిప్పలేదు. యంత్రం ఆగలేదు, తిరుగుతూనే ఉంది, అయినా చేతిలో ఉన్న డబ్బీ మీద ‘కాదు’ నొక్కింది. అది చిన్నగా ‘కీక్’ మంది. వత్సన్ మిగతా వాక్యాన్ని మింగేశాడు.

“రేపు శనివారం, తొమ్మిదికే రాహుకాలం వచ్చేస్తుంది” అంది ఆవిడ నాతో. “ఎనిమిదింటికల్లా నువ్వు రా అమ్మిణీ.”

“తొమ్మిదికే వస్తానండీ” అన్నాను. “కూర్చుని చూస్తాను.”